మూత్రపిండాల రోగికి ఎం.ఆర్‌.ఐ.: మందు లేకుండానే స్పష్టమైన చిత్రం

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరానికి ఉత్తరాన ఉన్న ఉద్దానం మూత్రపిండాల వ్యాధి వల్ల దేశమంతటా తెలిసిన ప్రాంతం. అక్కడి రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇటువంటి రోగికి ఎం.ఆర్‌.ఐ. తీయవలసి వస్తే కుటుంబ సభ్యులు ఎరిగి ఉండవలసిన విషయమొకటి ఉంది.

రక్తనాళాలు బాగా కనిపించడానికి కొన్నిసార్లు గాడోలినియం కలిగిన కాంట్రాస్టు మందును నరంలోకి ఎక్కిస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి శరీరం నుండి అది త్వరగా బయటికి పోదు. అలాంటివారిలో కొన్ని రకాల గాడోలినియం మందులకూ, చర్మం, కీళ్లు బిగుసుకుపోయే తీవ్ర వ్యాధికీ సంబంధమున్నదని 2006లో వైద్యులు గుర్తించారు. నేడు ఎక్కువగా వాడే మందుల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా మందు లేకుండానే తగిన చిత్రం లభిస్తే అంతకన్న మేలేముంది?

త్రీడీ పద్ధతి ఇందుకు తోడ్పడుతుంది. శరీరభాగాన్ని పొరలు పొరలుగా కాక ఒకే ఘనంగా గ్రహించడం వల్ల సన్నని నాళాలు సైతం తేటపడతాయి. ప్రవహించే రక్తమే ప్రకాశవంతంగా కనిపించేటట్లు చేయవచ్చు. చిక్కల్లా సమయంతోనే. పరీక్ష సాగినంతసేపు రోగి కదలరాదు. కదిలితే చిత్రమంతా మసకబారుతుంది. అనేక కాయిల్స్ ఒకేసారి సంకేతాలను అందుకునే పద్ధతి 1990ల చివరిలోనూ, కొద్ది సంకేతాలతోనే చిత్రాన్ని గణించే కంప్రెస్డ్ సెన్సింగ్ 2007లోనూ ఎం.ఆర్‌.ఐ.లోకి వచ్చి ఆ సమయాన్ని తగ్గించాయి.

కనుక మనం పరీక్షకు ముందే క్రియాటినిన్ రిపోర్టు చూపాలి. డయాలిసిస్ జరుగుతుంటే చెప్పాలి. కాంట్రాస్టు తప్పనిసరా అని వినయంగా అడగాలి. తప్పనిసరి అని వైద్యులు వివరిస్తే మాత్రం భయంతో నిరాకరించరాదు.