ఆన్‌లైన్ అంగడిలో మోసపోయిన సొమ్ము తిరిగి రాబట్టుకొను విధము

షోలాపురమున అశోక్ చౌకు, దాజీ పేట, సాఖర్ పేట, అక్కల్‌కోట రోడ్డు మొదలగు మన వారి వాడలలో సాంచల చప్పుడుతో పాటు పార్సెలు తెచ్చు కుర్రవాండ్ర పిలుపు నేడు ప్రతి సందులోను వినవచ్చుచున్నది. పండుగ చీర మొదలు పిల్లల పుస్తకముల వరకు, మిక్సీ మొదలు సాంచకు కావలసిన బేరింగుల వరకు ఫోనులోనే బేరము జరుగుచున్నది. ఇందు తప్పేమియు లేదు. కాలముతో పాటు అంగడియు మారును. అయితే అంగడితో పాటు దొంగయు తన వేషమును మార్చుకొనుచున్నాడు.

ఫోను కొరకు సొమ్ము చెల్లించిన వానికి సబ్బుబిళ్ళ వచ్చుట, పట్టుచీర యని చూపి నైలాను గుడ్డ పంపుట, సొమ్ము ముట్టిన పిదప దుకాణమే కనిపించకుండ పోవుట మనము వినుచున్న సంగతులే. వారమంతయు సాంచ నడిపి తెచ్చిన కూలియు, ఇంటి ఆడవారు బీడీలు చుట్టి కూడబెట్టిన రూపాయలును ఒక్క నిమిషమున పోవుచున్నవి. మోసపోయిన వారిలో పెక్కుమంది నలుగురు నవ్వుదురను సిగ్గుతో నోరు మెదపరు. “పోయినది పోయినదే” యని ఊరకుందురు. దొంగకు కావలసినది ఈ సిగ్గే.

మేము మన సోదర సోదరీమణులకు చెప్పదలచిన మాట ఒక్కటే. సొమ్ము పోయిన క్షణముననే అది గాలిలో కలసిపోదు. ఎవరో ఒకరి చేతిలో నుండును. అది ఎవరి చేతిలో నున్నదో తెలిసికొని, ఆ తలుపునే, ఆలస్యము చేయక, వ్రాతమూలకముగా తట్టవలెను. తప్పు తలుపు తట్టుచు దినములు గడిపినవారికే నష్టమెక్కువ.

సొమ్ము ఎవరి చేతిలో నున్నది?

మోసములు చూడబోయిన మూడు తెరగులుగా నున్నవి.

మొదటిది, పేరుగల ఆన్‌లైన్ అంగడిలో కొన్న సరుకు చెడ్డదైనను, వేరొకటి వచ్చినను, రానే రాకపోయినను. ఇచ్చట అంగడివారు మన సొమ్మును సాధారణముగా వెంటనే అమ్మకందారునకు చేర్చరు. సరుకు ముట్టి, వాపసు గడువు దాటువరకు తమ వద్దనే యుంచుకొందురు. కనుక అడుగవలసినది అంగడివారిని.

రెండవది, ఫేస్‌బుక్కులోనో ఇన్‌స్టాగ్రాములోనో ప్రకటన చూచి, ఎవరో పంపిన నంబరుకు మనమే యు.పి.ఐ. ద్వారా సొమ్ము పంపినప్పుడు. ఇచ్చట నడుమ అంగడివారు లేరు. సొమ్ము దొంగ ఖాతాలో పడి, అక్కడనుండి మరి రెండు మూడు ఖాతాలకు పరుగెత్తుచుండును. తట్టవలసినది పోలీసు తలుపు, అదియు గంటల లోపల.

మూడవది, మనము ఏమియు కొనకయే, పంపకయే ఖాతానుండి సొమ్ము పోవుట. ఇచ్చట బ్యాంకును, పోలీసులను ఒక్కసారే తట్టవలెను.

అంగడివారిని అడుగు విధము

2020 జులై 23న కేంద్ర ప్రభుత్వము ఆన్‌లైన్ వ్యాపారమునకు వినియోగదారుల రక్షణ నియమములు ప్రకటించినది. వాని ప్రకారము ప్రతి ఆన్‌లైన్ అంగడి ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, అతని పేరు, సంప్రదించు వివరములు తన తెరపై చూపవలెను. ఫిర్యాదు చేరినట్లు 48 గంటలలో తెలుపవలెను. ఒక నెలలో పరిష్కరింపవలెను. అమ్మకందారుని పేరు, చిరునామా కూడ చూపవలెను. సరుకు లోపముగలదైనను, నకిలీదైనను, ప్రకటనలో చెప్పినట్లు లేకున్నను వాపసు తీసికొననని గాని, సొమ్ము ఈయనని గాని అమ్మకందారుడు అనరాదు. “ఈ సరుకునకు వాపసు లేదు” అని వ్రాసియున్నంత మాత్రమున నకిలీ సరుకు అంటగట్టుటకు అతనికి హక్కు రాదు.

అయితే హక్కు నిలువవలెనన్న సాక్ష్యము కావలెను. పార్సెలు విప్పునప్పుడు ఇంటిలో ఎవరైన ఒకరు ఫోనుతో వీడియో తీయవలెను. పైనున్న చీటీ, అందలి బరువు, ముద్ర చెదరకుండ నున్న తీరు మొదట కనబడవలెను. పిదప కోసి, లోపలి సరుకు వరకు ఆపకుండ తీయవలెను. పెట్టెను, చీటీని, బిల్లును వాపసు తేలువరకు పారవేయరాదు. విలువైన వస్తువునకు తెచ్చినవాని యెదుటనే విప్పి చూపు పద్ధతి యున్నచో దానినే కోరవలెను. సరుకు బాగుగా నున్నదని తెలియకముందు తెచ్చినవానికి ఓ.టి.పి. చెప్పరాదు.

ఫిర్యాదును ఆ అంగడి యాపులోనే, ఆర్డరు పక్కననే నమోదు చేయవలెను. ఫోనులో మాటలాడినచో ఆ మాటకు రుజువుండదు. వారిచ్చు ఫిర్యాదు నంబరు వ్రాసి యుంచుకొనవలెను. సొమ్మునకు బదులు కూపను ఇత్తుమని వారన్నచో, మనకు ఇష్టము లేనిదే ఒప్పుకొన నక్కరలేదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ టాక్సీ యాపు నడుపు ఓలా సంస్థను, వాపసు సొమ్ము బ్యాంకు ఖాతాకు కావలెనా, కూపనుగా కావలెనా యని ప్రయాణికునే కోరుకొననిమ్మని ఆదేశించినది. ఆ న్యాయమునే మనమును అడుగవచ్చును.

అంగడివారు తేల్చనిచో 1915 నంబరుకు ఫోను చేయవలెను. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. రుసుము లేదు. తెలుగులోను, మరాఠీలోను మాటలాడవచ్చును. మరాఠీ తెలియని మన పెద్దలకు ఇది గొప్ప సౌకర్యము. ఈ కేంద్రము కంపెనీవారికి ఫిర్యాదు నందించి జవాబు రాబట్టును. 2025 ఏప్రిల్ చివరినుండి డిసెంబరు చివరివరకు, అనగా 8 నెలలలో, ఈ కేంద్రము ద్వారా వినియోగదారులకు సుమారు 45 కోట్ల రూపాయలు వాపసు వచ్చినవనియు, అందులో సుమారు 32 కోట్లు ఆన్‌లైన్ వ్యాపారమునకు చెందినవనియు ప్రభుత్వము ప్రకటించినది. అడిగినవారికి వచ్చుచున్నదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

దొంగ ఖాతాకు సొమ్ము పంపినచో

ఇచ్చట మొదట చేయవలసినది 1930కి ఫోను. ఇది కేంద్ర హోంశాఖ వారి సైబరు నేరముల సహాయ నంబరు. 2021 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటు మొదట 155260 అను నంబరుతో ప్రారంభమైనది. పిదప 1930గా మారినది. దీని పని సులభముగా చెప్పవలెనన్న, పారుచున్న నీటికి గట్టు వేయుట వంటిది. మనము చెప్పిన వివరములు బ్యాంకులకు చేరగా, సొమ్ము ఏ ఖాతాలో నిలిచియున్నదో అచ్చట దానిని కదలకుండ ఆపుదురు. దొంగ తీసికొని పోయిన పిదప గట్టు వేసియు లాభము లేదు. కనుక రేపు చూతమనరాదు. భోజనము మానియైనను ఆ ఫోను ముందు చేయవలెను.

ఫోను చేయునప్పుడు మన బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తము, తేదీ, సమయము, సొమ్ము పంపినట్లు వచ్చిన రసీదులోని 12 అంకెల లావాదేవీ నంబరు చేతిలో నుండవలెను. అదే దినమున సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ స్థలమున ఫిర్యాదు పూర్తిగా నింపి, దుకాణపు ప్రకటన, మాటలాడుకొన్న సందేశములు, రసీదు స్క్రీన్‌షాటులు జతపరుపవలెను. దొంగతో జరిపిన సందేశములు కోపముతో చెరిపివేయరాదు. అవియే సాక్ష్యము.

“వాడు ఎక్కడో ఉత్తరదేశమున నున్నాడు, ఇక్కడి ఠాణాలో తీసికొందురా?” అను సందేహము వలదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. ఆపబడిన సొమ్ము మన ఖాతాకు వచ్చుటకు పోలీసుల ద్వారా గాని, న్యాయస్థానపు ఉత్తర్వుతో గాని మరి కొంత కాలము పట్టును. ఫిర్యాదు నంబరు పట్టుకొని అడుగుచునే యుండవలెను.

బ్యాంకు బాధ్యత ఎంతవరకు?

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఒక ముఖ్యమైన ఆదేశమిచ్చినది. సహకార బ్యాంకులకును అదే సంవత్సరము డిసెంబరులో అట్టి ఆదేశమే వచ్చినది. మన ప్రమేయము గాని, బ్యాంకు తప్పు గాని లేక, మూడవవాని మోసమువలన ఖాతానుండి సొమ్ము పోయినచో, బ్యాంకు సమాచారము వచ్చిన 3 పనిదినములలో తెలిపిన ఖాతాదారునకు నష్టము లేదనియు, 4 మొదలు 7 దినములలో తెలిపినచో కొంత హద్దువరకే నష్టమనియు అందు చెప్పబడినది. ఆలస్యమైన కొలది మన భారము పెరుగును.

ఇచ్చట ఒక నిజమును దాచక చెప్పవలెను. మోసమునకు లొంగి మన చేతితోనే పిన్ కొట్టి పంపిన సొమ్మునకు ఈ రక్షణ సులువుగా వర్తింపదు. అయినను తెలిపిన క్షణమునుండి పిదప జరుగు నష్టము బ్యాంకుదే. కనుక అట్టివారును వెంటనే తెలుపవలసినదే. కార్డుతో చెల్లించినవారు చార్జిబ్యాక్ కోరవలెను. బ్యాంకు 30 దినములలో జవాబీయకున్నను, ఇచ్చిన జవాబు తృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ వ్రాసికొనవచ్చును.

నేతవాడు వినియోగదారుడగునా?

ఇది మన వారు తప్పక తెలిసికొనవలసిన సంగతి. 2020 జులై 20 నుండి అమలైన 2019 వినియోగదారుల రక్షణ చట్టము, వ్యాపారము కొరకు కొన్నవానిని వినియోగదారునిగా లెక్కింపదు. ఈ మాట పట్టుకొని, “నీవు సాంచకు మోటారు కొన్నావు, అది వ్యాపారము, నీకు హక్కు లేదు” అని అమ్మినవారు అనవచ్చును. అప్పుడు బెదరరాదు. స్వయముగా పనిచేసికొని జీవనోపాధి గడుపుకొనుటకే కొన్న వస్తువు వ్యాపారము కొరకు కొన్నది కాదని అదే చట్టము చెప్పుచున్నది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగు వర్క్స్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు దీనిని విశదపరచినది. తానే నడుపుకొనుటకు ఆటోరిక్షా కొన్నవాడు వినియోగదారుడే. పనిలో ఒకరిద్దరి సహాయము తీసికొన్నంత మాత్రమున అతడు ఆ హక్కు పోగొట్టుకొనడు.

కావున ఇంటిలో ఒకటి రెండు సాంచలు పెట్టి, తానును ఇంటివారును నడుపుకొను నేతగాడు మోటారునో, నూలునో కొని మోసపోయినచో జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చును. పెద్ద కర్ఖానా పెట్టి పదిమందిని పనిలో నుంచినవారికి మాత్రము ఈ దారి కష్టము. వారు సివిలు కోర్టును, పోలీసులను ఆశ్రయింపవలెను.

కమిషనున కేసు వేయుటకు సరుకు ధర 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. అమ్మినవాడు ఢిల్లీలో నున్నను, మనము నివసించు షోలాపురపు జిల్లా కమిషనులోనే వేయవచ్చును. ఈ-జాగృతి అను ప్రభుత్వ స్థలమున ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. గడువు మోసము జరిగిన నాటినుండి 2 సంవత్సరములు.

వాపసు పేర వచ్చు రెండవ దొంగ

సొమ్ము పోయినవాడు కంగారుతో గూగులులో కంపెనీ నంబరు వెదకును. అచ్చట దొంగలు తమ నంబరునే కంపెనీ నంబరుగా పెట్టియుందురు. వారు ఎంతో మర్యాదగా, “అయ్యా, మీ సొమ్ము వాపసు ఇత్తుము, ఈ యాపు వేసికొనండి, ఈ క్యూఆర్ కోడు స్కాను చేయండి, పిన్ కొట్టండి” అందురు. యాపుతో మన ఫోను తెర వారికి కనబడును. పిన్‌తో మిగిలిన సొమ్ము పోవును. ఈ ఒక్క సూత్రము ఇంటిల్లిపాదికి నేర్పవలెను: యు.పి.ఐ. పిన్ సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. రావలసిన సొమ్మునకు పిన్ అడిగినవాడు దొంగ. సహాయ నంబరును ఆ కంపెనీ యాపులోనే చూడవలెను.

మాదిరి ఫిర్యాదు

“ఫిర్యాదుల అధికారిగారికి: నేను ఫలానా తేదీన, ఫలానా ఆర్డరు నంబరుతో, ఇన్ని రూపాయలు చెల్లించి ఫలానా వస్తువు కొంటిని. ఫలానా తేదీన ముట్టిన పార్సెలులో ఫలానా వస్తువు వచ్చినది. విప్పినప్పటి వీడియో, బిల్లు, చీటీ ఫోటో జతపరచితిని. 2020 ఆన్‌లైన్ వ్యాపార నియమముల ప్రకారము 48 గంటలలో ఫిర్యాదు చేరినట్లు తెలిపి, ఒక నెలలో నా సొమ్ము నేను చెల్లించిన ఖాతాకే వాపసు చేయగోరెదను.” ఇంతకన్న ఎక్కువ వ్రాయనక్కరలేదు. తిట్లు అసలే వలదు.

చివరగా ఒక మాట. షోలాపురపు చద్దరుకును, టవలుకును భౌగోళిక గుర్తింపు కలదు. ఎక్కడో నేసిన గుడ్డను షోలాపురపు చద్దరని ఆన్‌లైనులో అమ్మినచో, కొన్నవానికిని పైన చెప్పిన హక్కులన్నియు కలవు. మన వారు స్వయముగా ఆన్‌లైనులో అమ్మునప్పుడును ఆ నియమములే మనకు వర్తించును. లోపముగల గుడ్డను మారు మాట లేక వాపసు తీసికొనుటయే మన ఊరి పేరునకు రక్ష. మన సొమ్ము విషయమున ఇతరులనుండి ఏ న్యాయము కోరుచున్నామో, మన గుడ్డ కొన్నవానికి ఆ న్యాయమే చేయుదము.

ప్రతి వాడలో చదువుకొన్న యువతీ యువకులు 1930, 1915 అను రెండు నంబరులను ఇంటి గోడలపై వ్రాయించవలెననియు, మోసపోయిన పెద్దలను చూచి నవ్వక, పక్కన కూర్చుండి ఫిర్యాదు నింపి పెట్టవలెననియు కోరుచున్నాము.