తాగుడు మానిన మూడవనాడు

రంజాన్ నెలవంక కనిపించగానే ఏళ్ల తరబడి ఉన్న తాగుడును ఒక్కసారిగా విడిచిపెట్టేవారున్నారు. ఆ తౌబా ఎంతో ప్రశంసనీయం. అయితే నిత్యం మత్తుకు అలవాటుపడిన శరీరం, అది హఠాత్తుగా ఆగితే అదుపు తప్పుతుంది.

తొలిరోజున చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి కలుగుతాయి. రెండు రోజుల లోపల మూర్ఛ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి లేని పురుగులు, మనుషులు కనిపిస్తారు. తామెక్కడ ఉన్నదీ తెలియదు. జిన్ను సోకిందని ఇంటివారు తాయెత్తు కోసం పరుగెత్తుతారు. కాని ఇది ప్రాణం తీయగల వ్యాధి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లు దొరకనప్పుడు ఇటువంటి లక్షణాలతోనే అనేకులు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. కల్లులో కలిపిన మత్తుమందులు ఆగిపోవడమే అందుకు కారణం.

మత్తుతో నిమిత్తం లేకుండా నెలల తరబడి మాటలు వినిపించడం, నిరాధారమైన అనుమానాలు స్కిజోఫ్రీనియా కావచ్చు. రెండు వారాలు దాటినా వీడని దిగులు, నిరాశ డిప్రెషన్ కావచ్చు. ఇవి ఈమాన్ లోపాలు కావు. దేహానికి వలె మనసుకూ వ్యాధులుంటాయని పదవ శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ వివరించాడు.

కనుక తాగుడు మానదలచినవారు ముందే డాక్టరును సంప్రదించాలి. ముదినేపల్లివారికి గుడివాడ, మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. సలహాకు 14416 నంబరు ఉంది. మూర్ఛ, మతిభ్రమ కనిపిస్తే వెంటనే 108ని పిలవాలి. రోగి రోజాను వాయిదా వేసి, కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. దుఆ చేయండి, చికిత్సను మాత్రం ఆలస్యం చేయకండి.