అజ్ఞాతగాయకులు, ప్రఖ్యాతనామములు: 1960ల కవర్ రికార్డులపై కర్తృత్వవాదములు

చాటుపద్యమునకు కర్త యెవ్వడని యడిగినచో లోకము రెండు మూడు పేర్లలోనే యొకటి చెప్పును. శృంగారము తొణికినచో శ్రీనాథుడు. వికటహాస్యమైనచో తెనాలి రామకృష్ణుడు. ఆ పద్యమును నిజముగ చెప్పిన గ్రామకవి పేరు ఎవ్వరికిని పట్టదు. పద్యము గొప్పది గనుక గొప్పవాడే చెప్పి యుండవలెననునదే ఈ యారోపమునకు మూలమైన తర్కము. ఇది పండితలోకమును సైతము విడువలేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును వేటూరి ప్రభాకరశాస్త్రి శైలీసామ్యాది హేతువులతో శ్రీనాథకృతమని వాదించిరి. ఆముక్తమాల్యద రాయలది కాదు, పెద్దన రచించి యిచ్చినదన్న మాట యెంతకాలము నుండి వినబడుచున్నదో చెప్పనక్కరలేదు.

తాళపత్రముల కాలమునకే యిట్టి సందిగ్ధము చెల్లునని, అచ్చుయంత్రమును ధ్వనిముద్రణమును వచ్చిన పిదప దీనికి తావుండదని యెవ్వరైన తలచినచో అది సరికాదు. 1960లలో ఇంగ్లండునందును అమెరికాయందును వెలువడిన పాప్ సంగీతపు గ్రామఫోను రికార్డులు తేదీతో, కంపెనీ ముద్రతో, క్రమసంఖ్యతో అంగడిలో అమ్ముడైన వస్తువులు. అయినను వానిలో కొన్నింటిపై పాడినవాడెవ్వడు, వాయించినవాడెవ్వడు అను వివాదము అరువది యేండ్లుగా సాగుచున్నది. కర్తృత్వపరిశోధకులకు ఈ వివాదము ఉపయోగకరము. చాటుపద్యముల విషయమున జనశ్రుతి యొక్క ఫలము మాత్రమే మనకు దక్కినది. ఇచ్చట అది పుట్టి, పెరిగి, కొన్నియెడల కూలిపోవుటను గూడ చూడవచ్చును.

ముందుగా ఆ వ్యాపారపు తీరు తెలియవలెను. ఒక గాయకుడు పాడి ప్రసిద్ధికి తెచ్చిన పాటను మరియొకరు మరల పాడి విడుదల చేసినచో దానిని కవర్ రికార్డు అందురు. బ్రిటనులో వుల్‌వర్త్స్ దుకాణములు 1954లో ఎంబసీ అను ముద్రతో ఇట్టి రికార్డుల నమ్మసాగినవి. వానిని తయారుచేసినది ఓరియోల్ కంపెనీ. ఆ వారము ఊరంతయు పాడుకొను రెండు పాటలను ఇరువైపుల నెక్కించి, అసలు రికార్డు కంటె చౌకగ అమ్ముటయే వారి పద్ధతి. 1964లో ఓరియోల్ కంపెనీ అమెరికా సంస్థయగు సి.బి.ఎస్. చేతిలోనికి పోగా, మరుసటి యేట ఎంబసీ ముద్ర నిలిచిపోయినది. 1968లో హాల్‌మార్క్ ముద్రతో 'టాప్ ఆఫ్ ది పాప్స్' అను పెద్దరికార్డుల వరుస మొదలై అదే మార్గమును త్రొక్కినది. అదే పేరుగల బి.బి.సి. కార్యక్రమముతో దీనికెట్టి సంబంధమును లేదు. అట్టపై నొక యువతి చిత్రము, పాటల పట్టిక; పాడినవారి పేరు మాత్రము శూన్యము. 1971లో ఈ చౌక రికార్డులలో కొన్ని బ్రిటిషు విక్రయపట్టికలో ప్రథమస్థానము నందుకొనగా, అసలు కంపెనీలకది కంటగింపైనది. తరువాత చౌక రికార్డులను ఆ పట్టికనుండి తొలగించిరి.

ఈ రికార్డులలో పాడినవారును వాయించినవారును కూలికి వచ్చినవారు. ఇంగ్లండునందు మూడు గంటల కాలమునకొక సెషన్ అని లెక్క. అందులకు నిర్ణీతమైన వేతనము. రికార్డు లక్షప్రతులు చెల్లినను ఆ వాద్యకునికి మరి చిల్లిగవ్వ రాదు. పూట గడచినంతనే అతడు మరియొక స్టూడియోకు పోవును. ఉదయము ప్రకటనగీతము, మధ్యాహ్నము చలనచిత్ర సంగీతము, రాత్రి పాప్ పాట. తాను వాయించినది యే పేరుతో వెలువడునో అతనికే తెలియకపోవుట కద్దు. పేరు పెట్టినప్పుడును అది కల్పితనామమే కావచ్చును. ఎంబసీలో జానీ వర్త్ అను పేర పాడిన గాయకుడే లెస్ వాన్‌డైక్ అను మరియొక పేర పాటలు వ్రాసి, 1959లో ఆడమ్ ఫెయిత్‌కు ప్రథమస్థానము నార్జించిపెట్టిన గీతమునకు కర్తయైనాడు. ఒక మనుష్యునకు నాలుగు పేర్లు, ఒక పేరునకు నలుగురు మనుష్యులు అన్నట్టి ఈ లోకమున ఊహలు మొలచుటలో వింతలేదు.

ఊహ లన్నియు వట్టివి కావు. కవర్ రికార్డుల సేకర్తలు చిరకాలముగ చెప్పుకొనిన ఒక మాట నిజమైనది: ఎల్టన్ జాన్ అను పేరుతో ప్రపంచప్రసిద్ధుడగుటకు ముందు రెజినాల్డ్ డ్వైట్ అను యువకుడు 1969, 1970 సంవత్సరములలో ఇట్టి చౌక రికార్డులకు కూలికి పాడెను. నార్మన్ గ్రీన్‌బామ్ పాడిన 'స్పిరిట్ ఇన్ ది స్కై', మంగో జెర్రీ బృందపు 'ఇన్ ది సమ్మర్‌టైమ్' మొదలగునవి అతని గొంతున గలవు. 1994లో ఆ పాటలను అతని పేరనే యొక సంపుటముగ వెలువరించిరి. ఈ యొక్క నిజమే పదివేల అబద్ధములకు పెట్టుబడి యైనది. ఒకడు దొరికినాడు గనుక ప్రతి చౌక రికార్డులోను మరియొకడు దాగియుండవలెనని అభిమానులు వెదకసాగిరి. 1967 నాటి కవర్ సంపుటములో బీటిల్స్ వారి 'పెన్నీ లేన్' పాడిన గొంతు డేవిడ్ బోవీదని పలువురు నమ్మిరి. దానిని బోవీ అరుదైన రికార్డుగ చేతులు మార్చుకొనిరి. అది అతనిది కాదనియు, వేరొక సెషన్ గాయకునిదనియు తరువాత తేలినది. తేలిన పిదప ఆ పాటను వినువారు తగ్గిపోయిరి. గొంతు మారలేదు, పాట మారలేదు. పేరు మాత్రమే మారినది.

ఇంతకంటె ఆలోచింపదగినది కింక్స్ బృందము వారి 'యూ రియలీ గాట్ మీ' గీతముపై వ్యాపించిన వాదము. అది 1964 జూలైలో లండనులో రికార్డైనది. ఆగస్టులో వెలువడి, సెప్టెంబరునాటికి బ్రిటనులో ప్రథమస్థానమున నిలిచినది. అందులోని గిటారువాదనము కర్కశముగ, చిరిగిన గుడ్డవలె పలుకును. వాయించిన డేవ్ డేవిస్ వయస్సు అప్పటికి పదునేడు. చిన్న ధ్వనివిస్తారకము యొక్క స్పీకరును బ్లేడుతో కోసి అతడా నాదమును సాధించెను. పదునేడేండ్ల బాలుడిట్టి పని చేయజాలడని, అది జిమ్మీ పేజ్ వాయించినదని జనశ్రుతి పుట్టినది. పేజ్ అప్పుడు లండనులో మిక్కిలి గిరాకీగల యువ సెషన్ గిటారు వాద్యకుడు. ఆ రికార్డు నిర్మాతయగు షెల్ టాల్మీ అతనిని తరచు పిలిచెడివాడు. అదే బృందపు మొదటి పెద్దరికార్డులో కొన్ని పాటలకు పేజ్ గిటారు వాయించిన మాటయు నిజము. 1968లో లెడ్ జెప్లిన్ బృందమును స్థాపించి అతడు మహావాద్యకుడుగ కీర్తిగాంచిన పిమ్మట ఈ వదంతి మరింత బలిసినది. వాయించినది తాను కాదని పేజ్ చెప్పెను. అతడు కాదని టాల్మీ చెప్పెను. తానే వాయించితినని డేవ్ డేవిస్ దశాబ్దములుగ చెప్పుచునే యుండెను. వదంతి చావలేదు.

ఇందొక చమత్కారము గలదు. ఆ పాటలో బయటి వాద్యకుడు నిజముగనే యుండెను. బృందపు డ్రమ్ముల వాద్యకుడు మిక్ ఏవరీ కాగా, ఆ రికార్డునందు డ్రమ్ములు వాయించినది బాబీ గ్రేహమ్ అను సెషన్ వాద్యకుడు. అనగా పరాయిచేయి యున్నదన్న అనుమానము సరియైనదే. అది పడిన చోటు మాత్రము తప్పు. గ్రేహమ్ పేరు పాఠకలోకమున ప్రఖ్యాతము కాదు గనుక అనుమానము అతనిని దాటి పేజ్ వద్దకు పోయినది. ఒక యారోపముచే ఇరువురు నష్టపోయిరి: తన సొత్తు పోగొట్టుకొనిన బాలుడొకడు, తన సొత్తున్నదని యెవ్వరును గుర్తింపని కూలివాద్యకుడొకడు. చాటుపద్యమును శ్రీనాథుని కంటగట్టునప్పుడు మనము సాధారణముగ శ్రీనాథుని గూర్చియే చర్చింతుము. పద్యము కోల్పోయినవానిని గూర్చి కాదు.

న్యూయార్కు నగరపు డ్రమ్ముల వాద్యకుడు బెర్నార్డ్ పర్డీ వాదము వేరొక జాతికి చెందినది. ఇచ్చట ఆరోపము చేసినది అభిమానులు కాదు, వాద్యకుడే. బీటిల్స్ రికార్డులు పలువానిలో రింగో స్టార్ వాయించినట్లు వినబడు డ్రమ్ములు తనవని అతడు చెప్పెను. పర్డీ సామాన్యుడు కాడు. అరీథా ఫ్రాంక్లిన్ మొదలగువారి రికార్డులలో అతని వాదనము ప్రమాణముగ నెంచబడుచున్నది. అందుచే ఆ మాటను కొట్టివేయుట సులభము కాలేదు. పరిశోధింపగా దాని బీజము బయటపడినది. 1961 జూన్‌లో, రింగో బృందమున చేరుటకు ముందు, బీటిల్స్ వారు జర్మనీయందు టోనీ షెరిడన్ అను గాయకునితో గూడి కొన్ని పాటలు రికార్డు చేసిరి. అప్పటి డ్రమ్ముల వాద్యకుడు పీట్ బెస్ట్. 1964లో అమెరికాయందు బీటిల్స్ వెర్రి చెలరేగినప్పుడు అట్కో అను కంపెనీ ఆ పాతపాటలను కొన్నింటిని సంపాదించి, డ్రమ్ములు బలహీనముగ నున్నవని న్యూయార్కులో క్రొత్త డ్రమ్ములు జోడించి విడుదల చేసినది. పర్డీ వాయించినది ఇట్టి పాటలకేయని పరిశోధకుల యభిప్రాయము. అతడు వాయించినచో అది బీటిల్స్ పాటయే. ఐనను రింగో స్థానమున కాదు, లండనులో కాదు. కొలదిపాటి నిజము జ్ఞాపకమున నానబెట్టిన గింజవలె ఉబ్బినదన్నమాట. ప్రత్యక్షసాక్షి చెప్పినాడు గనుక ప్రమాణమని స్వీకరించువారు ఈ యుదాహరణమును మరువరాదు.

ఇక అంతస్సాక్ష్యము ఎంత చక్కగ పనిచేయునో చూపుటకు 'లవ్ మీ డూ' మేలైన నిదర్శనము. ఆ పాటకు 1962లో మూడు పాఠములు పుట్టినవి. జూన్ నాటి దానిలో పీట్ బెస్ట్, సెప్టెంబరు 4వ తేదీ నాటి దానిలో రింగో స్టార్, సెప్టెంబరు 11వ తేదీ నాటి దానిలో ఆండీ వైట్ అను సెషన్ వాద్యకుడు డ్రమ్ములు వాయించిరి. మూడవనాడు రింగో చేతికి నిర్మాతలు టాంబరీనును, అనగా మన కంజీరను బోలిన వాద్యమును, ఇచ్చిరి. కావున టాంబరీను వినబడినచో అది వైట్ పాఠము, వినబడనిచో కాదు. అక్టోబరులో వెలువడిన మొదటి రికార్డున రింగో పాఠము గలదు. మరుసటి యేటి పెద్దరికార్డున వైట్ పాఠము గలదు. పరిష్కర్త ప్రతులను ఒక పాఠభేదముచే వర్గీకరించుటకును దీనికిని భేదమేమియు లేదు. ఇచ్చట చెవి చేసినది శైలీవిచారము కాదు. ఉన్నదా లేదా యని మాత్రమే అడిగినది. ఆ గొంతు బోవీవలె నున్నది, ఆ గిటారు పేజ్ వలె నున్నది అను వాదములు వీగిపోవుటకును, ఇది నిలుచుటకును కారణమదియే. 'వలె' అనుమాటకు అనుకరణమే వృత్తిగాగల కవర్ రికార్డులలో ప్రామాణ్యమేమి యుండును? అసలు గాయకునివలె పాడుటకే గదా అతనికి కూలి యిచ్చినది!

పత్రములు దొరికినచోట వివాదము త్వరగ ముగియును. అమెరికాయందు వాద్యకసంఘపు నియమముచే సెషన్ ఒప్పందపత్రములపై పేర్లు వ్రాయబడెడివి. లండనులో ఇ.ఎం.ఐ. వారి స్టూడియో లేఖ్యములను పరిశీలించి మార్క్ లూయిసన్ 1988లో బీటిల్స్ సెషన్ల దినచర్యను ప్రకటించెను. పత్రములు లేనిచోట రికార్డు అట్టయే శరణ్యము; అట్ట మౌనముగ నుండెడిది. డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ పాటలకు ప్రాణమైన వాద్యకబృందము పేర్లు 1971లో మార్విన్ గే వెలువరించిన 'వాట్స్ గోయింగ్ ఆన్' అట్టపైగాని స్పష్టముగ కనబడలేదు. అప్పటికి జేమ్స్ జేమర్సన్ బేస్ గిటారును కోట్లకొలది జనులు పేరెరుగకయే విని యుండిరి.

భారతదేశమున కవర్ రికార్డుపై చట్టము సైతము ఈ నామవిషయమును పట్టించుకొన్నది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునకు 2012లో జరిగిన సవరణచే చేర్చబడిన 31సి విభాగము, కవర్ రికార్డుపై పూర్వపు గాయకుని పేరుగాని రూపముగాని చూపరాదనియు, అది కవర్ రికార్డని అట్టపై తెలుపవలెననియు విధించినది. అసలు గాయకుని పేరునకు రక్ష కలిగినది. వెనుక వాయించువాని పేరు అట్టకెక్కవలెనని మాత్రము ఆ విభాగము చెప్పదు.

వెనుక వాయించినవారిలో భారతీయులును గలరు. 1966లో బీటిల్స్ వారి 'రివాల్వర్' అట్టపై 'లవ్ యూ టూ' పాటకు తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు ముద్రింపబడినది. మరుసటి యేటి 'సార్జెంట్ పెప్పర్స్' సంపుటములో జార్జ్ హారిసన్ పాడిన 'వితిన్ యూ వితౌట్ యూ' గీతమునకు మిగిలిన మువ్వురు బీటిల్స్ ఒక్క స్వరమైనను వాయింపలేదు. 1967 మార్చి 15వ తేదీన లండనులోని భారతీయ వాద్యకులు దిల్‌రుబా, తంబురా, తబలాలతో దానిని నడిపిరి. అట్టపై వారి పేర్లు లేవు. ఏబదియేండ్లపాటు చరిత్రగ్రంథములు వారిని 'భారతీయ వాద్యకులు' అని మాత్రమే వ్రాసినవి. 2017లో గాని ఆ నలువురి పేర్లు లోకమునకు తెలియలేదు. దిల్‌రుబాపై అన్నా జోషి, అమృత్ గజ్జర్. తంబురాపై బుద్ధదేవ్ కన్సారా. తబలాపై నట్వర్ సోనీ.