చెవిలో హోరుకి గంజాయి నూనె మందేనా?

రాత్రి పన్నెండయింది. హాస్టల్‌ గదిలో అందరూ పడుకున్నారు. మీ చెవిలో మాత్రం ‘కీ...’ మంటూ సన్నటి శబ్దం ఆగట్లేదు. తెల్లారితే మాక్‌ టెస్ట్‌. నిద్ర పట్టక ఫోన్‌ తీసి ‘చెవిలో హోరు’ అని వెతికారు. ఇక అప్పట్నుంచీ ప్రకటనలే! సీబీడీ నూనె నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకుంటే చాలట. మత్తెక్కదట, అంతా సహజమట. కొనేద్దామా అనిపిస్తోందా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

ఆ శబ్దం ఎక్కడిది?

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో వినిపించే ఈ హోరుని డాక్టర్లు టినిటస్‌ అంటారు. ఇది జబ్బు కాదు, లక్షణం. గులిమి గట్టిపడినా, ఇన్ఫెక్షన్‌ వచ్చినా, కొన్ని మందుల వల్లా రావొచ్చు. కుర్రకారులో ఎక్కువగా కనిపించే కారణం మాత్రం పెద్ద శబ్దాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమ కణాలుంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి సంకేతాలు తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్‌ తానే పెంచుకుంటుందనీ, ఆ హోరు అలా పుట్టేదేననీ ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇయర్‌ఫోన్లు, డీజేల మోత వల్ల ప్రపంచవ్యాప్తంగా వంద కోట్లకు పైగా యువత వినికిడికి ముప్పు ఉందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆశ ఎందుకు పుట్టింది?

గంజాయి మొక్కలో ప్రధానంగా చెప్పుకునే రసాయనాలు రెండు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. మత్తు ఇవ్వనిది సీబీడీ. శుద్ధి చేసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్‌ అనే మందుని అరుదైన రెండు రకాల మూర్ఛలకు వాడొచ్చని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. మూర్ఛలో మెదడు కణాలు అదుపు తప్పి చెలరేగుతాయి. టినిటస్‌లోనూ వినికిడికి సంబంధించిన నాడీకణాలు అవసరానికి మించి పనిచేస్తాయి. అక్కడ పనిచేసింది ఇక్కడా పనిచేస్తుందేమో అన్న ఊహ అలా వచ్చింది. ఊహలో తప్పులేదు. కాకపోతే పరీక్షించి చూడాలి. చూశారు కూడా.

పరీక్షలో ఏం తేలింది?

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలకు పెద్ద శబ్దం వినిపించి, ఆపై టీహెచ్‌సీ, సీబీడీలను సమపాళ్లలో ఇచ్చారు. హోరు వినిపిస్తోందో లేదో వాటి ప్రవర్తనని బట్టి తెలుసుకునేలా ముందే శిక్షణ ఇచ్చారు. 2015లో వెలువడిన ఫలితాల్లో హోరు తగ్గినట్టు కనిపించలేదు. సరికదా, పెరిగే అవకాశం ఉందని తేలింది! ఇలా ఎందుకు జరగొచ్చంటే... మెదడులో శబ్దం మొదట చేరే చోట గంజాయి రసాయనాలు అతుక్కునే గ్రాహకాలున్నాయి. నాడీకణాల జోరుకి బ్రేకు వేసే కణాల్నే ఈ రసాయనాలు నెమ్మదింపజేస్తే? బండి ఇంకా వేగం అందుకుంటుంది.

మనుషుల సంగతేంటి? అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాలని విశ్లేషిస్తే, గంజాయి క్రమం తప్పకుండా తాగేవాళ్లలో టినిటస్‌ ఉందన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. అలాగని గంజాయే కారణమని తేల్చేయలేం. హోరు భరించలేక గంజాయి మొదలుపెట్టినవాళ్లూ అందులో ఉండొచ్చు. ‘నాకు తగ్గింది’ అనేవాళ్లూ ఉంటారు. ఆందోళన తగ్గి, నిద్ర పడితే శబ్దం మీదకి ధ్యాస పోదు కాబట్టి అలా అనిపించొచ్చు. ఏదేమైనా, టినిటస్‌కి వాడమని గంజాయి ఆధారిత మందు దేనికీ ఎఫ్‌డీఏ ఇప్పటివరకూ అనుమతివ్వలేదు. పైగా సీబీడీతో మగతా, కాలేయ సమస్యలూ రావొచ్చు. వేరే మందులతో పడకపోవచ్చు.

సీసా మీద ఒకటి, లోపల ఇంకోటి

ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తుల్ని అమెరికా పరిశోధకులు కొని పరీక్షించి, 2017లో ‘జామా’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. లేబుల్‌ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 26 మాత్రమే. 18 సీసాల్లో టీహెచ్‌సీ కూడా బయటపడింది. కెరియర్‌ దెబ్బతినేది ఇక్కడే. ‘నేను సీబీడీయే వాడాను’ అని మీరు అనుకోవచ్చు. మూత్ర పరీక్షకి ఆ సంగతి తెలీదు కదా!

* పైలట్లు, ఎయిర్‌ ట్రాఫిక్‌ కంట్రోలర్లకు డీజీసీఏ నిబంధనల ప్రకారం 2022 జనవరి 31 నుంచి మాదకద్రవ్యాల పరీక్షలు మొదలయ్యాయి. గంజాయి ఆ జాబితాలో ఉంది. మర్చంట్‌ నేవీలోనూ ఈ పరీక్షలు మామూలే.
* అమెరికాలో చదివే మన పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి దుకాణాలు బాహాటంగానే ఉంటాయి. కానీ ఫెడరల్‌ చట్టం ప్రకారం అది నేరమే. వీసా నడిచేది ఫెడరల్‌ చట్టంతోనే. వాడానని ఒప్పుకున్నా చిక్కే.
* సింగపూర్‌లో సీబీడీ కూడా నిషిద్ధమే. బ్యాగులో సీసా ఉన్నా ఇరుక్కుంటారు.
* మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టం కింద గంజాయి సేవిస్తే ఆరు నెలల వరకూ జైలు, లేదా పదివేల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మొక్క ఆకు ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. అందుకే ‘విజయ’ పేరుతో ఆయుర్వేద లైసెన్సు మీద ఆకు నుంచి తీసిన ఉత్పత్తులు దొరుకుతున్నాయి. లైసెన్సు ఉన్నంత మాత్రాన హోరు తగ్గుతుందని రుజువైనట్టు కాదు.

మరి ఏం చేయాలి?

* ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ఆడియోగ్రామ్‌ చేయించుకోండి. కారణం గులిమే అయితే ఒక్క పూటలో తేలిపోతుంది.
* ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, ఒక్క చెవిలోనే హోరున్నా, గుండె చప్పుడుతో పాటు కొట్టుకుంటున్నట్టున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం వద్దు. ముఖ్యంగా వినికిడి హఠాత్తుగా పడిపోతే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.
* వినికిడి లోపం కూడా ఉంటే హియరింగ్‌ ఎయిడ్‌తో హోరు కూడా మరుగున పడొచ్చు. హోరు వల్ల కలిగే బాధని తగ్గించడంలో మంచి ఆధారాలున్నది కాగ్నిటివ్‌ బిహేవియర్‌ థెరపీకే.
* పడుకునేటప్పుడు ఫ్యాన్‌ చప్పుడో, వాన శబ్దమో సన్నగా వినిపించేలా పెట్టుకోండి. పూర్తి నిశ్శబ్దంలో హోరు ఎక్కువగా తెలుస్తుంది.
* ఇయర్‌ఫోన్ల శబ్దం 80 డెసిబుల్స్‌ అయితే వారానికి 40 గంటల దాకా ఫర్వాలేదు. 90కి పెంచితే 4 గంటలే. ఫోన్‌ సెట్టింగుల్లో పరిమితి పెట్టుకోండి.

ఇప్పటికే గంజాయి అలవాటైపోయి, మానాలనుకుంటున్నారా? సిగ్గుపడకుండా డాక్టర్‌కి నిజం చెప్పండి. జాతీయ డీ-అడిక్షన్‌ హెల్ప్‌లైన్‌ 14446కి ఫోన్‌ చేయొచ్చు. హోరుతో దిగులు, నిద్రలేమి వేధిస్తుంటే టెలీ-మానస్‌ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాక్‌ టెస్ట్‌ ఇంకోటి రాసుకోవచ్చు. పోయిన వినికిడి, పోయిన ఉద్యోగం అంత తేలిగ్గా తిరిగిరావు. రేపు పొద్దున చేయాల్సిన మొదటి పని ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్‌ తీసుకోవడమే.