వంతు కోసం చూసేవాడే కాపలాదారు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో మత్స్యకార కుటుంబాలకిచ్చే భృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. అయితే మిగిలిన పది నెలలూ ఎవరు ఎక్కడ వల వేయాలన్న ప్రశ్న దక్షిణాంధ్రలోని కోట మండల తీరాన అలాగే ఉంది. ఆ నిర్ణయాధికారాన్ని ప్రభుత్వమూ మత్స్యకారులూ పంచుకోవడాన్నే సహ నిర్వహణ అంటారు.

ఉమ్మడి వనరు స్వార్థానికి బలై నశించక తప్పదని 1968లో జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించాడు. ఎవరైనా చొరబడగల చోటునూ, కట్టుబాటు గల ఉమ్మడి చోటునూ ఆయన ఒకటిగా లెక్కగట్టాడు. కోటకు దక్షిణాన మొదలయ్యే పులికాట్ సరస్సే ఆ వాదనకు జవాబు. తమిళనాడు వైపు పళవేర్కాడు ముఖద్వారం దగ్గర, ఆటుపోట్లతో కదిలే రొయ్యలకు అడ్డంగా వలలు కట్టే చోట్లు కొన్నే, వాటిలోనూ లాభసాటివి మరీ కొన్నే. అందుకే కోట్టైకుప్పం వంటి పల్లెలు ఆ చోట్లను 'పాడు' పద్ధతిలో వంతులవారీగా పంచుకుంటాయి.

ఈ పద్ధతి బలమంతా నిఘాలో ఉంది. నిషేధకాలంలో ఒకడు దొంగచాటుగా వేటాడితే ఆ నష్టం వేలమందికి పలచగా పంచబడి ఎవరికీ నొప్పి తెలియదు. వంతు తప్పి వల వేస్తే మాత్రం నష్టమంతా ఆనాటి హక్కుదారు ఒక్కడిదే, పైగా అతడు అదే నీటి మీద, అదే వేళకు అక్కడే ఉంటాడు. జీతం లేని కాపలా ఇలా పుడుతుంది. ఇలాగే టర్కీలోని అలాన్యా జాలరులు సెప్టెంబరులో చీట్లు తీసి, జనవరి వరకు రోజుకొక చోటు చొప్పున తూర్పుకూ, ఆపై పడమరకూ జరుగుతూ, చోట్ల జాబితాను మేయరు దగ్గరా పోలీసుల దగ్గరా దాఖలు చేసేవారని రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రత్యేకంగా ప్రస్తావించింది.

వంతుకు హద్దులూ ఉన్నాయి: కులం గిరిగీసిన పాడు ఇతరులను బయట నిలబెడుతుంది, ఆంధ్ర తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలదేనన్న నిబంధనను మీరే మరపడవలను కుప్పం (జాలరి పల్లె) పెద్దలు ఆపలేరు. అక్కడ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టమే దిక్కు. చేపల గుంపులు చోటు మార్చే కోట సముద్రానికి పాడును ఉన్నపళంగా దించలేరు, నిజమే. కాని సభ పెట్టి సంతకాలు తీసుకుని దానికే సహ నిర్వహణ అని పేరు పెట్టేకంటే, కుప్పాలు రాసుకున్న కట్టుబాట్లను మత్స్యశాఖ రిజిస్టరులోకి ఎక్కించి, వాటిని మీరిన పడవపై చట్టాన్ని ప్రయోగించడం ఎక్కువ ఫలితమిస్తుంది.