తీతువు ఎందుకు అరుస్తోంది? - పక్షుల ఫోటోలపై విమర్శ

పక్షుల ఫోటోల మీద వ్యాసం సాహిత్య విమర్శ పత్రికలో ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కథకూ కవితకూ మనం వేసే ప్రశ్నలే - వస్తువేమిటి, శిల్పం ఆ వస్తువును మోయగలిగిందా, రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడు - ఫోటోకు వేసినప్పుడు తప్పించుకునే వీలులేని జవాబులు వస్తాయి. రచయిత ఎక్కడ నిలబడ్డాడన్నది సాహిత్యంలో తరచు ఒక అలంకారంగా మిగిలిపోతుంది. ఫోటోలో అది అడుగుల్లో కొలవదగిన దూరం.

కొన్నేళ్ళుగా మిత్రులూ విద్యార్థులూ తాము తీసిన ఫోటోలు తెచ్చి అభిప్రాయం అడుగుతున్నారు. అలాంటి చోట్ల నేను వింటున్న విమర్శ ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది "అద్భుతం", "కనువిందు" అనే రకం. మన పుస్తకావిష్కరణ సభల భాష ఇది. దీనివల్ల ఎవరికీ అపకారం లేదనుకుంటాం కాని, ఉంది. ఆ సంగతికి తరవాత వస్తాను. రెండోది లక్షణ గ్రంథం ముందేసుకుని కూర్చున్న పండితుడి రకం. పక్షి సరిగ్గా మధ్యలో ఉంది, తోక కొస తెగింది, మూడోవంతు సూత్రం పాటించలేదు - ఇంతటితో విమర్శ పూర్తి. యతి తప్పిందని చెప్పి పద్యంలో ఏముందో చూడనివాడికీ ఇతనికీ తేడా లేదు. ఈ రెండు రకాల మాటలూ విన్న ఫోటోగ్రాఫరు మర్నాడు చెరువు గట్టుకు వెళ్ళేటప్పుడు ఏం మార్చుకోవాలో తెలియకుండానే వెళ్తాడు.

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. మిట్టమధ్యాహ్నం దమ్ము చేసిన మడిలో తీసిన తెల్లకొంగ ఫోటో. "వెలుతురు బాగాలేదు" అంటే అది విమర్శ కాదు, ఫిర్యాదు. కొంగ వీపు మీద తెలుపు మాడిపోయింది, ఈకల గీతలు చెరిగిపోయాయి, ఎందుకంటే చుట్టూ ఉన్న నల్లటి బురదను చూసి కెమెరా అవసరానికి మించిన వెలుతురును లోపలికి రానిచ్చింది. ఈసారి ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించు, పొద్దున తొమ్మిది లోపలే వెళ్ళు, గట్టు మీద నిలబడకుండా మోకాళ్ళ మీద కూర్చుని కొంగ కంటి ఎత్తు నుంచి తియ్యి - అంటే అది విమర్శ. ఇందులో లోపం ఉంది, దాని కారణం ఉంది, దాటే మార్గం ఉంది. ఇంకొకటి కూడా విడదీసి చెప్పాలి. ఇంట్లో కూర్చుని దిద్దుకోగలిగేవి కొన్ని: అంచులు కత్తిరించడం, కొద్దిపాటి వెలుగునీడలు సరిచేయడం. మళ్ళీ వెళ్తే తప్ప బాగుపడనివి కొన్ని: కంటి మీద కుదరని ఫోకస్, పూర్తిగా మాడిన తెలుపు, పక్షి తలలోంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభం. రెంటినీ కలగాపులగం చేసి చెప్పే సలహా కొత్తవాణ్ణి నిరుత్సాహపరచడానికి తప్ప పనికిరాదు. (మన కథల పోటీల న్యాయనిర్ణేతలు ఈపాటి విభజన చేసినా బాగుండును.)

ఇదంతా శిల్పం. వస్తువు దగ్గరికి వస్తే విమర్శకుడికి కెమెరా తెలిస్తే చాలదు, పక్షి తెలియాలి.

రెక్కలు బార్లా చాచి, ముక్కు తెరిచి, కెమెరా మీదికి దూసుకొస్తున్న తీతువు ఫోటో ఒకటి ఒక విద్యార్థి చూపించాడు. ఫోకస్ కంటి మీదే కుదిరింది. రెక్కల మీది నలుపు తెలుపులు స్పష్టంగా వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళు "ఎంత చైతన్యం!" అన్నారు. నేను అడిగింది ఒక్కటే: అది ఎందుకు అరుస్తోంది? తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద చిన్న గుంటలో, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టి రంగు గుడ్లు, కాలి కింద పడేదాకా కనబడవు. మనిషి దగ్గరికొస్తే తల్లీతండ్రీ లేచి అరుస్తూ తల మీదికి దూకుతాయి. ఆ ఫోటోలో ఉన్నది వీరరసం కాదు, భయం. ఎండాకాలంలో తీతువు గుడ్ల మీద ఉండేది వెచ్చబెట్టడానికే కాదు, నీడ పట్టడానికి కూడా; నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. మే నెల ఎండలో ఆ పక్షిని గాలిలో తిప్పినంతసేపూ గుడ్లు కాలే నేల మీద దిక్కులేకుండా ఉంటాయి. అక్కడ "అద్భుతం" అన్న ప్రతివాడూ ఆ కుర్రవాణ్ణి మళ్ళీ అక్కడికే పంపిస్తున్నాడు. పొగడ్త చేసే అపకారమని నేనన్నది ఇదే.

ఫోటో చించెయ్యమని చెప్పలేదు. కదిలే పక్షి కంటి మీద ఫోకస్ నిలిపిన నేర్పును ప్రత్యేకంగా మెచ్చుకున్నాను. తరవాత, పిల్లలు బయటికి వచ్చి తిరగడం మొదలెట్టేదాకా ఆ బీడు వైపు వెళ్ళవద్దనీ, ఈలోగా చెరువు అంచున మేసే తీతువుల్ని, అవి తనను పట్టించుకోనంత దూరం నుంచి తియ్యమనీ చెప్పాను. ఇది మొదటి ఫోటోకన్నా కష్టమైన పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడం కూడా చేరి ఉందని చెబితే అక్కడున్నవాళ్ళు నమ్మలేదు.

పూర్వపు ఉద్దండులు గూళ్ళ దగ్గరే కదా తీశారు అని ఒకరన్నారు. నిజమే. ఇంగ్లండులో ఎరిక్ హాస్కింగ్ గుడ్లగూబ గూటి దగ్గర ఫోటో ప్రయత్నంలో 1937లో ఒక కన్నే పోగొట్టుకున్నాడు. ఆనాటి బరువైన కెమెరాలకు పక్షి మళ్ళీ మళ్ళీ వచ్చి వాలే ఒక స్థలం కావాలి, అది గూడు. సాధనాలు మారాయి. సాధనాలు మారాక కూడా పాత అవసరాన్ని ఆచారంగా పట్టుకు వేళ్ళాడడం కళ కాదు.

కృతి ఒక్కటే చాలు, బయటి సంగతులెందుకు అనే వాదం మనకు కొత్త కాదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటోకు ప్రథమ బహుమతి వచ్చింది. అది శిక్షణ పొందిన తోడేలే అయి ఉంటుందని తేల్చుకున్న నిర్ణేతలు 2010లో బహుమతి రద్దు చేశారు. ఫోటోగ్రాఫరు మాత్రం ఆ ఆరోపణను కాదన్నాడు. రద్దయిన నాడు ఆ ఫోటోలో ఒక్క చుక్క కూడా మారలేదు. ఇది తన ఇష్టాన తిరిగే అడవి మృగమని అది చూసేవాడికిచ్చిన మాట పోయింది. కాబట్టి ఎక్కడ, ఎంత దూరం నుంచి, ఏ ఎర వేసి తీశావని అడగడం విమర్శలో భాగమే.

ఇంకొక లోపం ఉంది. దీన్ని లోపంగా ఎవరూ లెక్కించరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. పులికాట్ దగ్గరి నేలపట్టులో గూడబాతుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని రైతులకు తెలుసు. పక్షులు బతికింది ఈ సంబంధం వల్ల. కాని నా దగ్గరికి వచ్చే ఫోటోల్లో పక్షీ ఆకాశమూ తప్ప ఏమీ ఉండవు. ఊరంతా కత్తిరింపులో పోతుంది. ఉప్పలపాడు వెళ్ళేవాళ్ళకు, ఒక్క ఫోటో అయినా మామూలు లెన్సుతో, ఇళ్ళూ గూళ్ళూ ఒకే ఫ్రేములో పడేట్టు తీసుకురమ్మని చెబుతున్నాను. ఇప్పటికి ఇద్దరు తెచ్చారు. ఒకదానిలో డాబా మీద ఆరేసిన బట్టలూ, వాటి వెనక చెట్టు నిండా గూడబాతులూ ఉన్నాయి. వెలుతురు చాలలేదు, మళ్ళీ వెళ్ళమన్నాను.