గొలుసు ఱంపమునకు ఇంధనము కలుపు విధము



పూర్వము మన పల్లెలలో పెద్దచెట్టును కొట్టవలెనన్న ఇద్దరు మనుష్యులు గొడ్డలితోను, ఱంపముతోను ఒక పూటయంతయు శ్రమపడెడివారు. నేడు గొలుసు ఱంపము ఆ పనిని కొలది నిమిషములలో ముగించుచున్నది. 2018వ సంవత్సరము అక్టోబరు నెలలో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందలి కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చినపుడు ఇట్టి యంత్రముల అవసరమెంతటిదో అందరికిని తెలిసివచ్చినది. అయితే ఈ యంత్రము త్రాగునది పెట్రోలు. దానిని కలుపుటలో కొలత తప్పినచో యంత్రము చెడును. జాగ్రత్త తప్పినచో మనిషి చెడును.

నేను బడిపంతులనే కాని యంత్రవిద్య నేర్చినవాడను కాను. నాయొద్ద చదువుకొన్న ఒక యువకుడు అప్పుచేసి ఱంపమును కొని, నూనె కలుపని పెట్రోలును దానిలో పోసెను. ఒక మాను కోయుట పూర్తికాకుండగనే యంత్రము బిగిసిపోయినది. అటుపిమ్మట అతడు యంత్రముతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకమును తెచ్చి, చదివి చెప్పుమని నన్నడిగెను. కొన్ననాడే తెచ్చియుండిన ఎంత బాగుండెడిది! మఱియొక పాలికాపు, వేడిగానున్న ఱంపములో పెట్రోలు పోయుచుండగా ప్రక్కవాడు చుట్ట ముట్టించెను. క్షణములో మంట లేచినది. ఆ పాలికాపు కుడిచేతి వ్రేళ్లు నేటికిని సరిగా ముడుచుకొనవు. ఈ రెండు సంగతులే నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినవి.

మొదట నూనె యేల కలుపవలయునో తెలిసికొందము. ఇంజనులోని పిస్టను పైకిగాని క్రిందికిగాని ఒక్కమారు నడచుటకు స్ట్రోకు అని పేరు. కారు మొదలగు వాహనముల ఇంజనులో నాలుగు స్ట్రోకుల కొకమారు ఇంధనము మండును. దాని అడుగున నూనెకు వేరుగా తొట్టి యుండును. గొలుసు ఱంపములలో పెక్కింట రెండు స్ట్రోకుల కొకమారు మండు ఇంజను అమర్చబడియుండును. డుగాల్డు క్లర్కు అను స్కాట్లండు దేశీయుడు 1881లో ఇట్టి ఇంజనునకు పేటెంటు పొందెను. సుమారు పదేండ్లకు జోసెఫ్ డే అను ఆంగ్లేయుడు దానిని మిక్కిలి సులభమైన కట్టడమునకు తెచ్చెను. ఈ కట్టడములో ఇంధనము మొదట పిస్టను క్రిందనున్న గదిలో ప్రవేశించి, పిదప పైకి పోయి మండును. ఱంపమును ప్రక్కకు వంచియు, తలక్రిందుగా పట్టియు కోయవలసివచ్చును గనుక అడుగున నూనె తొట్టి పెట్టిన ప్రయోజనములేదు. కావున పెట్రోలుతో కలిసి వచ్చిన నూనెయే లోపలి భాగములను తడుపుచుండును. సంస్కృతమున స్నేహ శబ్దమునకు చెలిమి యనియు, నూనె యనియు రెండర్థములు కలవు. ఈ స్నేహము నడుమ లేనిచో, నిమిషమునకు వేలకొలది మారులు తిరుగు యంత్రములో లోహము లోహముతో ఒరసికొని, కాగి, పట్టుకొనిపోవును.

ఇక పాళ్ల సంగతి. నేటి ఱంపములలో పెక్కింటికి 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె కలుపవలయును. అనగా ఒక లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు. 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. కొన్నిటికి 25 పాళ్లకు 1 పాలు కావలసియుండును. అప్పుడు లీటరునకు 40 మిల్లీలీటర్లు. ఏది తగునో యంత్రముతో వచ్చిన పుస్తకమే ప్రమాణము. వెనుకటి స్కూటర్లకు బంకులో నూనె కలిపి పోయుట మీలో పెక్కండ్రకు జ్ఞాపకముండును. ఆ కొలత దీనికి వర్తింపదు. నూనె తక్కువైన యంత్రము బిగియును. ఎక్కువైన పొగ క్రమ్మును, ప్లగ్గునకు మసి పట్టును. కంటికొలత పనికిరాదు. మందుసీసాతో వచ్చు గీతల గిన్నెతో కొలువవచ్చును గాని, ఆ గిన్నెను మరల మందునకు వాడరాదు.

కలుపవలసినది గాలితో చల్లబడు రెండు స్ట్రోకుల ఇంజనుకై చేసిన నూనె. అంగడిలో దీనిని టూ-టీ ఆయిలు అందురు. కారు ఇంజనునుండి తీసిన మడ్డినూనె, వంటనూనె, నీటితో చల్లబడు పడవ మోటారుల నూనె దీనికి తగవు. గొలుసునకు పోయు నూనె వేరు. దాని తొట్టియు వేరు. రెండు మూతలపై గుర్తులుండును. చూచి మఱి పోయవలయును.

కలుపు క్రమమిది. శుభ్రమైన, తడిలేని డబ్బాలో సగము పెట్రోలు పోసి, కొలిచిన నూనెనంతయు చేర్చి, మూత బిగించి బాగుగా కదపవలయును. పిదప మిగిలిన పెట్రోలు పోసి మరల కదపవలయును. ఱంపము తొట్టిలోనే కలుపుట తప్పు. ఱంపములో పోయు ప్రతిసారియు డబ్బాను ముందుగా కదపవలయును.

2025 నాటికి మన దేశపు బంకులలో పెట్రోలునకు నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపు పద్ధతి వ్యాపించినది. ఇథనాలు తేమను పీల్చును. నీరు మితిమీరినపుడు ఇథనాలును నీరును కలిసి అడుగునకు దిగును. మనము కలిపిన నూనె మీది పెట్రోలులోనే నిలుచును. అడుగుభాగమును పీల్చిన యంత్రమునకు స్నేహము అందదు. కావున కొనుటకు ముందే ఎంత ఇథనాలునకు ఆ ఱంపము తట్టుకొనునో అడుగుడు. పెక్కు యంత్రములకు 10 పాళ్లే హద్దు. ఇంధనమును కొద్దికొద్దిగా కలిపి, నెలలోపల వాడుకొనుడు. పని లేని కాలమున తొట్టిని ఖాళీచేసి ఉంచుడు.

ఇప్పుడు ప్రాణముల మాట. పెట్రోలు మంచుకంటె చల్లగా నున్నప్పుడును మండదగిన ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా ప్రాకి, దూరముననున్న పొయ్యిని చేరి మంటను వెనుకకు తెచ్చును. కావున ఆరుబయటనే కలుపవలయును. దరిదాపుల బీడీ, చుట్ట, దీపము ఉండరాదు. ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, మూతను మెల్లగా త్రిప్పవలయును. లోపలి ఒత్తిడికి పెట్రోలు చిమ్మవచ్చును. అంచువరకు నింపరాదు. ఒలికినదానిని తుడిచి, పోసిన చోటికి కనీసము పది అడుగుల దూరము పోయి యంత్రమును నడుపవలయును. బట్టలు తడిసిన వెంటనే మార్చుకొనవలయును. పెట్రోలు మంటపై నీరు పోయరాదు. అది నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. ఇసుకగాని, పొడి చల్లు అగ్నిశామక యంత్రముగాని వాడవలయును.

నిలువచేయుటకు 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము హద్దు విధించినది. అమ్మకమునకు కానిచో, లైసెన్సు లేకుండ 30 లీటర్లకు మించి ఉంచుకొనరాదు. లోహపు డబ్బా 25 లీటర్లకును, గాజు లేక పింగాణి పాత్ర ఒక లీటరునకును మించరాదు. మూత గట్టిగా ఉండవలయును. మంచినీళ్ల సీసాలో పోసి గూటిలో పెట్టుట మహాపాపము. పసివాడు దాహమునకు త్రాగును. ఎవరైన త్రాగినచో వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలో దిగి ప్రాణము తీయవచ్చును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. గొట్టము నోటపెట్టి పెట్రోలు పీల్చుటయు ఇందువలననే కూడదు. డబ్బాపై ఇది పెట్రోలు అనియు, కలిపిన పాళ్లును, తేదియు తెలుగున వ్రాసి, తాళము వేసిన కొట్టులో ఉంచుడు.

పెద్దలారా, ఱంపము పట్టువారిలో చదువురానివారు పెక్కండ్రు. మీ యూరికి యంత్రము వచ్చిననాడు దాని పుస్తకమును మీరు చదివి, లేదా చదివించి, పనివానికి వివరింపుడు. నాకు ఆలస్యముగా దొరికిన ఆ అవకాశము మీకు ముందుగానే దొరకవలెనని నా కోరిక.